పాత లారీకి చిక్కటి ఆయిల్ మందు కాదు

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఆయిల్ కొట్టుకు వెళ్లి "టాటా 1210 పాత బండి, ఏ ఆయిల్ పొయ్యాల?" అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే. "ముసలి ఇంజిన్ గదన్నా, చిక్కటి 20-50 పొయ్యి, తాగేది తగ్గిపోతుంది." పాత లారీని ముచ్చటపడి బాగుచేయించుకున్న వాళ్ల లెక్క వేరు. వాళ్లు ఫోన్లో వీడియోలు చూసి, కొట్టులో అన్నిటికంటే ఖరీదైన ఫుల్ సింథటిక్ డబ్బా పట్టుకొస్తారు.

రెండూ అనవసరమే అంటాను. మన ఎండకూ మన ఘాట్లకూ ఈ ఇంజిన్లకూ సరిపోయేది 15డబ్ల్యూ-40 చిక్కదనం గ్రేడ్, సీఐ-4 లేదా సీఐ-4 ప్లస్ అనే నాణ్యత అక్షరాలు రాసి ఉన్న మామూలు మినరల్ డీజిల్ ఇంజిన్ ఆయిల్. మిగిలిన డబ్బు ఫిల్టర్ మీదా, త్వరత్వరగా మార్చడం మీదా పెట్టాలి. చిక్కటి ఆయిల్ పొయ్యాలా వద్దా అన్నది తేల్చాల్సింది ఆయిల్ ప్రెషర్ గేజ్. బండి వయసుకు అందులో పనిలేదు.

ఇక్కడ పాత లారీ అంటే టర్బో లేకుండా, మెకానికల్ పంపుతో నడిచే ఆరు సిలిండర్ల బండి. టాటా 692, 697 ఇంజిన్లు, లేలాండ్ కామెట్‌లోని 370, 400 ఇంజిన్లు, అక్కడక్కడా మిగిలిన సింప్సన్ పీ6లు. టాటా నంబర్లలో మొదటి అంకె సిలిండర్ల సంఖ్య, తర్వాతవి మిల్లీమీటర్లలో బోరు. లేలాండ్ నంబర్లు ఘనపు అంగుళాలు. 1969 దాకా మెర్సిడెస్ ఒప్పందంతో జంషెడ్‌పూర్‌లో తయారైన బండ్లకైనా, 1955 తర్వాత ఎన్నూరు నుంచి వచ్చిన లేలాండ్లకైనా ఆయిల్ విషయంలో మాట ఒకటే.

ఆ కాలపు మాన్యువల్ దొరికితే తీసి చూడండి. అందులో ఎక్కువగా కనిపించేవి ఒంటి నంబరు గ్రేడ్లు. చల్లటి ఊళ్లకు 30, వేడి ప్రాంతాలకు 40. "మా తాతల కాలం నుంచీ 40 నంబరే" అనే డ్రైవర్ల మాట అక్కడి నుంచి వచ్చిందే, అందులో తప్పులేదు. చాలామంది గమనించనిది ఇంకొకటుంది. 40 అన్న అంకెకు అర్థం, 100 డిగ్రీల వేడిలో ఆ నూనె చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలని. 15డబ్ల్యూ-40కీ ఆ వేడిలో అదే హద్దు. కాబట్టి ఇంజిన్ వేడెక్కాక 15డబ్ల్యూ-40 పోసినవాడు మాన్యువల్ మాట విన్నట్టే. 50 గ్రేడ్ 16.3 దగ్గర మొదలై 21.9 దాకా పోతుంది. అంటే 20-50 పోసినవాడే మాన్యువల్ దాటాడు.

ఇక డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 15డబ్ల్యూ నూనెను సున్నాకు 20 డిగ్రీల దిగువన, 20డబ్ల్యూ నూనెను 15 డిగ్రీల దిగువన పరీక్షిస్తారు. తిరుపతిలో జనవరి తెల్లవారుజామున కూడా ఆ చలి ఎక్కడిది? అందుకే మంచి డీజిల్ రకం 20డబ్ల్యూ-40 దొరికితే అదీ పనికొస్తుంది. చిక్కల్లా, మన కొట్లలో 20డబ్ల్యూ-40 అంటే చేతికిచ్చేది ఎక్కువగా మోటార్ సైకిల్ ఆయిల్. అది తడి క్లచ్ జారకుండా ఉండటానికి చేసిన నూనె. డీజిల్ మసిని మొయ్యడానికి చేసింది కాదు. లారీలో పోస్తే మసి ముద్దలు కట్టి ఫిల్టర్‌లో కూర్చుంటుంది.

గేజ్ ముల్లు లేస్తే ఇంజిన్ బాగుపడినట్టేనా?

చిక్కటి ఆయిల్ పొయ్యగానే ముల్లు పైకి లేస్తుంది. ఓనరుకు నెమ్మది, మెకానిక్కు పేరు. లోపల జరిగేది మాత్రం వేరు.

ఆయిల్ పంపు రెండు పళ్ల చక్రాల పంపు. ఒక్కో తిప్పుకు ఇంత అని కొలత ప్రకారం నూనె తోస్తుంది. ప్రెషర్ పుట్టించేది పంపు కాదు, క్రాంకును మోసే మెయిన్ బేరింగుల్లో, కనెక్టింగ్ రాడ్ల కింది బిగ్ ఎండ్ బేరింగుల్లో ఉన్న సన్నటి సందుల్లోంచి దూరడానికి నూనె పడే పాటు. బేరింగులు అరిగి సందు పెరిగితే నూనె సులువుగా జారిపోతుంది, ముల్లు కిందికొస్తుంది. చిక్కటి నూనె ఆ సందులోంచి నిదానంగా జారుతుంది కాబట్టి ముల్లు లేస్తుంది. అంతమాత్రాన బేరింగుకు అందే నూనె పెరగలేదు. తెల్లవారి స్టార్ట్ చేసినప్పుడైతే తగ్గుతుంది కూడా. చల్లగా ఉన్న చిక్కటి నూనెకు ప్రెషర్ మరీ ఎక్కువై రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది, పంపు తోసిన నూనెలో కొంత అటునుంచి అటే ఇంజిన్ అడుగునున్న ఆయిల్ ఛాంబర్‌లో పడిపోతుంది. ఫిల్టర్ దగ్గర బైపాస్ వాల్వ్ కూడా తెరుచుకుంటే, వడకట్టని నూనె నేరుగా బేరింగులకు పోతుంది. బేరింగు వేడిని మోసుకుపోవాల్సింది నూనే. నిదానంగా కదిలే నూనె ఆ వేడిని నిదానంగానే మోస్తుంది.

అయితే చిక్కటి నూనె పూర్తిగా దండగ అనడం కూడా అన్యాయమే. అరిగిన బేరింగు బాగా వేడెక్కినప్పుడు ఇనుముకూ ఇనుముకూ మధ్య కాస్త మందమైన పొర నిలుస్తుంది, నూనె తాగడం కొంత తగ్గుతుంది. అందుకే దానికీ ఒక దశ ఉంది. ఆ దశ వచ్చిందో లేదో ఇలా చూడాలి.

బండిని లోడుతో కనీసం 25 కిలోమీటర్లు నడపండి. మొగిలి ఘాట్ ఎక్కించి పలమనేరు చేరితే ఇంకా మంచిది. నూనె బాగా కాగిన తర్వాత ఐడిలింగ్‌లో గేజ్ చూడండి. మెకానిక్కులు వాడే లెక్క, ప్రతి 1000 ఆర్‌పీఎమ్‌కు 10 పీఎస్ఐ. కిలోల గేజ్ (చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోలని చూపేది) అయితే 0.7. దీని ప్రకారం 2000 దగ్గర కనీసం 1.4 ఉండాలి, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ 3 దాటి చూపిస్తుంది. ఐడిలింగ్ 500, 600 దగ్గరే కాబట్టి కాగిన నూనెతో 0.5 పైన ఉంటే కంగారు అక్కర్లేదు. మీ ఇంజిన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దానిదే చివరి మాట.

అంతకంటే తక్కువ చూపిస్తే ఆయిల్ డబ్బా మార్చే ముందు మొదట గేజ్‌నే అనుమానించండి. పాత బండ్ల డ్యాష్‌బోర్డు గేజులు అబద్ధాలకు పెట్టింది పేరు. టీ జాయింటు వేసి, షెడ్డులో ఉన్న మంచి మెకానికల్ గేజ్ తగిలిస్తే పది నిమిషాల్లో నిజం తేలుతుంది. తర్వాత డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. డీజిల్ వాసన గుప్పుమంటే, లెవెల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటే, నూనెలో డీజిల్ కలుస్తోంది. 5 శాతం కలిసినా 40 గ్రేడ్ కాస్తా 30 దరిదాపుల్లోకి పలచబడుతుంది. అప్పుడు 20-50 పొయ్యడమంటే కారే కుండలో నీళ్లు నింపడమే. డీజిల్ ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి. సాధారణంగా అది ఫీడ్ పంపు, లేదంటే చుక్కలు కార్చే నాజిల్.

ఆ రెండూ బాగుంటే ఛాంబర్ దించి స్ట్రెయినర్ జల్లెడ చూడాలి. పాత గాస్కెట్ సొల్యూషన్ ముక్కలు, మసి జిగురు అక్కడ మూసుకుపోయి ఉండటం మామూలు. ఆ తర్వాత రిలీఫ్ వాల్వ్. దాని సీటు కింద చిన్న చెత్త ముక్క ఇరుక్కున్నా వాల్వ్ పూర్తిగా మూసుకోదు, ప్రెషర్ పోతుంది. స్ప్రింగ్ బలం తగ్గితే కొత్త స్ప్రింగ్ వెయ్యాలి. కొన్ని షెడ్లలో స్ప్రింగ్ వెనక వాషర్లు పేర్చి ముల్లు లేపుతారు. అది ఓనర్ కళ్లకు గంతలు కట్టడమే. వేడి ఐడిలింగ్‌లో ఆ వాల్వ్ ఎలాగూ మూసే ఉంటుంది కాబట్టి వాషర్ల వల్ల అక్కడ ఒరిగేదేమీ లేదు. చల్లటి స్టార్టింగ్‌లో ప్రెషర్ మాత్రం హద్దు దాటి ఫిల్టర్ సీలు పగలగొడుతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా వేడి ఐడిలింగ్‌లో ముల్లు 0.5 కిందే ఊగుతూ, కింద నుంచి టకటకా కొట్టుడు లేకపోతే, ఇంజిన్ విప్పే దాకా 20డబ్ల్యూ-50 డీజిల్ రకం పొయ్యడం న్యాయమే. ఎండాకాలం నడిపించుకోవచ్చు. కొట్టుడు మొదలైతే మాత్రం ఏ ఆయిలూ పనికిరాదు. అప్పుడు బేరింగులు మార్చించడం ఖర్చే, కానీ క్రాంకు కొరుక్కుపోయాక అయ్యే ఖర్చు ముందు అది చిన్నది.

తాగుతోంది అనే మాటకూ ఒక కొలత ఉండాలి. లోడు బండి లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తోందనుకుందాం. 1000 కిలోమీటర్లకు 250 లీటర్ల డీజిల్ కాలుతుంది. ఆ దూరానికి లీటరు ఆయిల్ తగ్గితే అది డీజిల్‌లో 0.4 శాతం. ఈ వయసు ఇంజిన్‌కు అది తప్పేమీ కాదు, పోసుకుంటూ నడపొచ్చు. రెండున్నర లీటర్లు తగ్గితే 1 శాతం, అప్పుడు రింగులు, బోరు చూడాలి. ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం దగ్గర చెయ్యి పెడితే పొగ దమ్ముగా తగులుతోందా అన్నది చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. మన మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది దాన్నే. అయితే అంతా బోరు మీదకే నెట్టొద్దు. ఎయిర్ బ్రేకు బండి అయితే ట్యాంకు డ్రెయిన్ తిప్పి చూడండి. నీళ్లతోపాటు నల్లటి ఆయిల్ కారితే తాగేది కంప్రెసర్. ఫ్లైవీల్ హౌసింగ్ అడుగున చుక్క వేలాడుతుంటే వెనక సీలు పోయింది. ఈ రెంటికీ 20-50 మందు కాదు.

డబ్బా మీది అక్షరాలు

గ్రేడ్ కంటే జనం తక్కువ చూసేది, నిజానికి ఎక్కువ చూడాల్సింది ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) అక్షరాలు. సీ తో మొదలైతే డీజిల్ రకం, ఎస్ తో మొదలైతే పెట్రోల్ రకం. రెండూ ఉంటే ముందు రాసినదాన్ని బట్టి అది ఏ ఇంజిన్ కోసం చేసిందో తెలుస్తుంది. సీడీ, సీఎఫ్, సీఎఫ్-4 కాలం చెల్లినవి, ఏపీఐయే వాటిని పక్కన పెట్టేసింది. అయినా చౌక డబ్బాల మీద ఇంకా కనిపిస్తుంటాయి. సీహెచ్-4 1998లో, సీఐ-4 2002లో, సీఐ-4 ప్లస్ 2004లో, సీకే-4 2016 చివర్లో వచ్చాయి. మీ మాన్యువల్‌లో సీడీ అని ఉన్నా సీహెచ్-4 నుంచి పైవన్నీ దాని స్థానంలో వాడొచ్చు.

నేను సీఐ-4 ప్లస్ దగ్గర ఆగమనడానికి కారణం మసి. ఆ రకం నూనె మసిని ముద్ద కట్టనీయకుండా విడివిడిగా పట్టి ఉంచుతుంది, నలిగి పలచబడిపోకుండా కూడా తట్టుకుంటుంది. నాజిళ్లు కాస్త అటూఇటూగా ఉండి నల్ల పొగ వదిలే పాత ఇంజిన్‌కు అంతకంటే కావాల్సిందేముంది? క్యామ్‌కూ టాపెట్లకూ మధ్య రాపిడిని కాచే జింక్, ఫాస్ఫరస్ కూడా అందులో సరిపడా ఉంటాయి.

సీకే-4 పోస్తే పాత ఇంజిన్ పాడవుతుందన్న పుకారు ఒకటి తిరుగుతోంది. 15డబ్ల్యూ-40 గ్రేడ్‌లో సీకే-4 పొయ్యొచ్చు, ఏమీ కాదు. దాని ప్రత్యేకత, పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉన్న కొత్త బండ్ల కోసం బూడిద 1 శాతానికి మించకుండా కట్టడి చెయ్యడం. మీ లారీకి ఆ ఫిల్టరే లేదు. లేని ఫిల్టర్‌ను కాపాడటానికి ఎక్కువ డబ్బు ఎందుకు? అదే కాలంలో వచ్చిన ఎఫ్ఏ-4 జోలికి మాత్రం వెళ్లొద్దు. అది కొత్త ఇంజిన్ల కోసం కావాలని పలచగా చేసిన 30 గ్రేడ్.

ఆమ్లాన్ని విరిచే శక్తి, అంటే టీబీఎన్, ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్నది పాత డీజిల్ నాటి మాట. అప్పట్లో డీజిల్‌లో గంధకం దండిగా ఉండేది. అది కాలి, నీటి ఆవిరితో కలిసి ఆమ్లమై బేరింగులను, బోరును తినేది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బంకుల్లో పోస్తున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లే. బండి పాతదైనా తాగేది ఈ కొత్త డీజిలే కాబట్టి సీఐ-4లో మామూలుగా ఉండే 10 చొప్పున టీబీఎన్ ధారాళంగా సరిపోతుంది.

సింథటిక్ సంగతికొస్తే, దాని బలం గడ్డ కట్టే చలిలో, టర్బో వేడిలో, 40 వేల కిలోమీటర్లకోసారి మార్చే కొత్త బండ్లలో. మీకు చలీ లేదు, టర్బో లేదు. 40 వేలు నడపడమంటారా, మసి ఊరుకోదు. పైగా 60ల, 70ల ఇంజిన్లలో వెనక సీలుకు తాడు లాంటిది వేసి ఉంటుంది, ముందు సీళ్ల రబ్బరు గట్టిపడి ఉంటుంది. వాటి మధ్య పేరుకున్న మడ్డే సగం లీకేజీని ఆపుతుంటుంది. బాగా కడిగే నూనె పోస్తే ఆ మడ్డి కరిగి చుక్కలు మొదలవుతాయి. తప్పు నూనెది కాదు, సీలుదే, కానీ కింద పడేది మీ డబ్బు.

ఏళ్ల తరబడి లూజు ఆయిల్ మీదో, సాదా 40 నంబరు మీదో నడిచిన ఇంజిన్‌ను సీఐ-4కు మార్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. ముందు ఛాంబర్ దించి, అడుగున జున్నులా పేరుకున్నది గీకి, జల్లెడ కడగండి. మొదటి ఆయిల్ 1000 కిలోమీటర్లకే తీసెయ్యండి, రెండోది 2500కు. కిరసనాయిలో డీజిలో పోసి ఇంజిన్ ఆడించి కడిగే పద్ధతి ఉంది చూశారూ, దాన్ని మానండి. ఊడిన మడ్డి ఒక్కసారిగా జల్లెడకు అడ్డం పడుతుంది, పలచటి కిరసనాయిల్‌లో బేరింగు పొడిగా తిరుగుతుంది. గంట పని తప్పించుకోబోయి ఇంజిన్ పోగొట్టుకోవడమే.

కిలోమీటర్లు కాదు, డీజిల్ లెక్క

నా మాట 5000 కిలోమీటర్లు, లేదా 250 గంటలు, లేదా 6 నెలలు, వీటిలో ఏది ముందైతే అప్పుడు. కానీ మన జిల్లాల్లో కిలోమీటర్లు మోసం చేస్తాయి. జూన్‌లో తోతాపురి దిగుబడి ఒక్కసారిగా వచ్చి మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు లారీలు బారులు తీరినప్పుడు, బండి పదడుగులు జరగడం, ఆగడం, మళ్లీ జరగడం. మీటర్ కదలదు, ఇంజిన్ ఆడుతూనే ఉంటుంది. ఐడిలింగ్‌లో ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, మసీ పచ్చి డీజిలూ గోడల వెంట ఛాంబర్‌లోకి దిగుతాయి. అటు బాకరాపేట ఘాట్‌లో లోడుతో రెండో గేరులో ఎక్కే బండికి పది కిలోమీటర్లు బయట యాభైతో సమానం.

గంటల మీటర్ లేని బండికి నికరమైన కొలత డీజిలే. లీటరుకు 4 కిలోమీటర్ల బండికి 5000 కిలోమీటర్లంటే 1250 లీటర్లు. బంకు బిల్లులు కూడుకుంటూ రండి. 1250 లీటర్లు కాగానే, మీటర్ 3500 చూపించినా సరే, ఆయిల్ మార్చండి. క్యూలో నిలబడ్డదీ ఘాట్ ఎక్కిందీ ఆ లెక్కలోకి వాటంతటవే వచ్చేస్తాయి. ముచ్చటకు ఉంచుకుని అప్పుడప్పుడు తీసే బండి అయితే కిలోమీటర్లతో పనిలేదు, ఏడాదికోసారి, అదీ వానాకాలం వెళ్లాక మార్చాలి. అలాంటి బండిని వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం మంచి కంటే చెడే ఎక్కువ చేస్తుంది. నూనెలోని తేమ ఆవిరయ్యేంత వేడి రాదు. తీస్తే 20 కిలోమీటర్లు తిప్పండి, లేదంటే తియ్యొద్దు.

మధ్యలో ఆయిల్ ఎలా ఉందో చూడటానికి కాగిన ఆయిల్ చుక్క ఒకటి తెల్లటి ఫిల్టర్ పేపర్ మీద వేసి, కదపకుండా రెండు మూడు గంటలు ఉంచండి. బూడిద రంగు నెమ్మదిగా అంచు దాకా పరుచుకుంటే నూనె ఇంకా మసిని మోస్తోంది. నడుమ కాటుకలా నల్లటి బొట్టు గట్టి అంచుతో ఆగిపోతే దాని పని అయిపోయింది. చుట్టూ లేత పసుపు వలయం విడిగా కనిపిస్తే డీజిల్ కలిసింది. ఇంకో చుక్కను బాగా కాగిన పెనం మీద వెయ్యండి, చిటపటమంటే నీళ్లు. అది హెడ్ గాస్కెట్ దగ్గర మొదలుపెట్టి వెతకాల్సిన విషయం.

మార్చే పని

నూనె కాగి ఉండగానే, చదునైన చోట డ్రెయిన్ నట్ విప్పి అరగంట కారనివ్వండి. నట్ కింది రాగి వాషర్ మళ్లీ వెయ్యాలంటే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచండి. బిగించి బిగించి గట్టిపడ్డ రాగి మళ్లీ మెత్తబడి సీటుకు అతుక్కుంటుంది. నట్‌కు అంటుకున్న ముద్దను వేళ్ల మధ్య నలిపి చూడండి. మెత్తటి నల్లముద్ద మామూలే. పసుపు, వెండి రంగు రేకులు మెరిస్తే బేరింగు పొర ఊడుతోంది.

ఫిల్టర్ దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పాత బండ్లలో చాలావాటికి గిన్నె లోపల ఎలిమెంట్ ఉండి నడి బోల్టుతో బిగించే తరహా ఫిల్టర్ ఉంటుంది. ఎలిమెంట్ అడుగున ఒక స్ప్రింగ్, దాని మీద చిన్న రేకు పళ్లెం ఉంటాయి. పాత ఎలిమెంట్ అడుగుకు జిగురుగా అంటుకుని ఆ పళ్లెం కూడా చెత్తబుట్టలోకి పోతుంది, ఎవరూ చూడరు. అది లేకపోతే కొత్త ఎలిమెంట్ పైకి నొక్కుకోదు, నూనె దాని పక్కనుంచే దారి చేసుకుని వడకట్టకుండా పోతుంది. రబ్బరు రింగుదీ అదే కథ. పాతది గాడిలోనే ఉండిపోయి దాని మీద కొత్తది కూర్చుంటే, మొదటి చల్లటి స్టార్టింగ్‌కే చిమ్ముతుంది. సూదితో పాత రింగు తీసి, గాడి తుడిచి, కొత్తదానికి నూనె రాసి వెయ్యండి.

ఆయిల్ డిప్‌స్టిక్ పై గీతకు కాస్త కిందిదాకే పోసి, స్టాప్ నాబ్ బయటికి లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. డీజిల్ అందదు కాబట్టి ఇంజిన్ అంటుకోదు, పంపు మాత్రం ఖాళీ ఫిల్టర్‌ను నింపుతుంది. పదేసి సెకన్లు కొట్టి ఆపుతూ, ముల్లు కదిలాక నాబ్ వదిలి స్టార్ట్ చెయ్యండి. రెండు నిమిషాలు ఆడించి, ఆపి, పది నిమిషాలు ఆగి లెవెల్ చూసి మిగిలింది పొయ్యండి. పై గీత దాటనివ్వొద్దు. దాటితే క్రాంకు నూనెను గిలక్కొట్టి నురగ చేస్తుంది, బ్రీదర్ దాన్ని బయటికి కక్కుతుంది.

అదే రోజు ఇంకో రెండు చోట్లకు ఇదే ఆయిల్ కావాలి. ఇన్‌లైన్ ఇంజెక్షన్ పంపుకు విడిగా ఆయిల్ ఉండే రకమైతే, క్యామ్ గదిలో, వేగాన్ని అదుపు చేసే గవర్నర్‌లో ఉన్నది మార్చండి. లెవెల్ ప్లగ్ విప్పగానే బడబడా కారితే ప్లంజర్ల పక్కనుంచి డీజిల్ దిగుతోందని అర్థం, పంపు పనికి పంపాల్సిందే. రెండోది ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్. క్వారీ దారుల్లో, ఇటుక బట్టీల దగ్గర తిరిగే బండికి రింగులను తినేది ధూళే, ఎంత గొప్ప ఇంజిన్ ఆయిలూ దాన్ని ఆపలేదు. గిన్నె అడుగున వేలు పెడితే బురద తగలకూడదు. అలాంటి దారుల్లో వారానికోసారి కడిగి గీత దాకా కొత్త ఆయిల్ పొయ్యండి. అందులో వాడేసిన ఆయిల్ పొయ్యడం మన షెడ్లలో మామూలు, కానీ మసితో చిక్కబడ్డ నూనె జాలీని సరిగ్గా తడపదు. గీత దాటి పోస్తే ఇంకా ప్రమాదం. ఇంజిన్ ఆ నూనెను లోపలికి పీల్చుకుని దాన్నే ఇంధనంగా కాల్చుకుంటూ పరుగు తీస్తుంది, స్టాప్ నాబ్ లాగినా ఆగదు.

కల్తీ గురించి ఒక్క మాట. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్‌కు గ్రేడూ లేదు, అక్షరాలూ లేవు, నమ్మకం ఒక్కటే. సీలు, బ్యాచ్ నంబరు చూసి, బిల్లు తీసుకుని డబ్బాగా కొనండి. ఖాళీ డబ్బాను పాత సామాన్ల వాడికి వేసే ముందు మేకుతో రెండు కన్నాలు పొడవండి, లేకపోతే అదే డబ్బా మళ్లీ నిండి కొట్టుకు వస్తుంది. తీసేసిన ఆయిల్‌ను తలుపులకు, కంచె గుంజలకు పూయడం, పశువుల పుండ్లకు రాయడం పల్లెల్లో ఇంకా ఉంది. అందులో క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి. మూత ఉన్న క్యానులో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకు చేరే దారి చూసుకోండి.

ఒకే షెడ్డులో పాత 1210తో పాటు బీఎస్-6 బండి కూడా ఉంటే రెండు డబ్బాలనూ దూరంగా పెట్టండి, క్లీనర్‌కు విడమరిచి చెప్పండి. పాత బండికి మిగిలిన సీఐ-4ను కొత్త బండిలో టాప్ అప్‌కు పోస్తే దాని బూడిద డీపీఎఫ్‌లో చేరి కూర్చుంటుంది. డీపీఎఫ్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకునే రీజనరేషన్‌కు మసి కాలుతుంది గానీ బూడిద కాలదు.